‘ఏ విషపాము పెంచుకోమంటారు?’ అని మాత్రం అడక్కండి!

విషపాములతో ఏళ్లతరబడి గడిపినవాళ్లకి తెలిసినంత మరెవరికీ తెలియదు. కానీ వాళ్లు అందరికీ చెప్పరు. కొందరికి గంటలకొద్దీ చెబుతారు, కొందర్ని గుమ్మంలోంచే సాగనంపుతారు. తేడా అంతా అడిగే తీరులోనే ఉంటుంది.

‘నాకు పద్దెనిమిదేళ్లు. విషపాముని పెంచుకోవాలని ఉంది. మొదటిసారి కదా, ఏది తెచ్చుకుంటే మంచిది?’

అమెరికాలో పాముల్ని పెంచేవాళ్లకి ఈ ప్రశ్న విని విని చెవులు దిబ్బళ్లు పడ్డాయి. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకుని, కొన్నిచోట్ల ఆ బాధ కూడా లేకుండా విషసర్పాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చు. కొన్ని రాష్ట్రాలు మాత్రం అసలు కుదరదన్నాయి. వీటిని పెంచేవాళ్ల వాడుకమాటలో విషపాములంటే ‘హాట్స్’. పట్టుకుంటే కాలేవి అన్నమాట. ఇరవై ముప్ఫై ఏళ్లుగా వాటి మధ్యే బతికి, వేళ్లన్నీ సవ్యంగా మిగుల్చుకున్న పెద్దవాళ్లంటే ఆ లోకంలో ఎంతో గౌరవం. కుర్రాళ్లు సలహా కోసం వాళ్ల దగ్గరికే వెళ్తారు. వెళ్లి, పైన చెప్పిన ప్రశ్న అడుగుతారు. పెద్దాయన మొహం మాడ్చుకుంటాడు. ‘అబ్బో.. ఎంత గర్వమో!’ అనుకుంటూ కుర్రాడు వెనక్కి తిరుగుతాడు.

గర్వం కాదది. ఆ ఒక్క ప్రశ్నతోనే అడిగినవాడి చరిత్రంతా ఆయనకి అర్థమైపోతుంది. ఏ పామో తేల్చుకోలేదంటే ఏ పాము గురించీ చదవలేదని. పాము మీద ఇష్టం కంటే విషం మీద మోజు ఎక్కువని. అన్నిటికీ మించి, ‘పెంచవచ్చా?’ అన్న ప్రశ్నని దాటేసి ‘ఏది?’ దగ్గరికి వచ్చేశాడని!

ఎదురు ప్రశ్నలే సలహా

అలా వెళ్లిన కుర్రాడి అదృష్టం బాగుంటే పెద్దాయన జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఇంతకుముందు ఏ పాముల్ని పెంచావు? ఎన్నాళ్లు? అవి బతికే ఉన్నాయా? ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారు? చిన్నపిల్లలున్నారా? అద్దె ఇల్లయితే యజమానికి చెప్పావా? మీ రాష్ట్రంలో చట్టం ఏమంటోంది? చివరికి అసలు ప్రశ్న.. నువ్వు తెచ్చుకునే పాము కరిస్తే దాని విరుగుడు మందు ఎక్కడుంది?

చాలామంది ఇక్కడే నీళ్లు నములుతారు. అమెరికాలో సొంతగడ్డ మీద పుట్టిన రాటిల్‌స్నేక్ కరిస్తే ఆసుపత్రుల్లో మందు దొరుకుతుంది. అదే మందు ఆసియా నాగుపాముకీ, ఆఫ్రికా మాంబాకీ పనిచేయదు. ఆ మందులు ఉండేది ఎక్కువగా జంతు ప్రదర్శనశాలల్లో. అదీ తమ సిబ్బందికి ఏదైనా జరిగితే వాడుకోవడానికి దాచుకున్నవి. ఫ్లోరిడాలో మయామీ-డేడ్ అగ్నిమాపక శాఖ ఇలాంటి విదేశీ పాముల మందుల కోసమే ప్రత్యేకంగా ఓ నిల్వకేంద్రం నడుపుతోంది. అన్ని ఊళ్లకీ ఆ సౌకర్యం లేదు. ఒక్కో కాటుకి పదీ ఇరవై సీసాలు పట్టిన సందర్భాలున్నాయి. ఒకడి సరదా కోసం ఏదో జూ తన దగ్గరున్న సీసాలన్నీ పంపేస్తే, ఆ మర్నాడు అక్కడ పాము బోనులు శుభ్రం చేసే ఉద్యోగికి ఏం మిగులుతుంది? పెద్దాయన కోపం వెనక ఈ లెక్కంతా ఉంటుంది.

అందుకే అనుభవజ్ఞుల దగ్గర మొదటి మర్యాద నిజం చెప్పడం. రెండు నెలల అనుభవాన్ని రెండేళ్లని కోసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. కారు నడపడం గురించి అలా చెబితే మహా అయితే గీతలు పడతాయి. ఇక్కడ అలా కాదు. చెప్పే సలహా అడిగినవాడి చేతి నైపుణ్యాన్ని బట్టి మారుతుంది. తోకని చేత్తో పట్టి, ఒంటిని కొక్కెం మీద ఆనించి ఎత్తడం ఆరితేరినవాడికి మామూలు పని. అదే సలహా కొత్తవాడికి చెబితే చావుకి దారి చూపినట్టే. వైద్యుడి దగ్గర రోగం దాచకూడదంటారే.. ఇదీ అంతే.

వెయ్యి గంటల గుమాస్తాగిరీ

ఫ్లోరిడా రాష్ట్రం ఈ గురుశిష్య సంబంధాన్ని చట్టంలోనే రాసేసింది. అక్కడ విషపాములు పెంచడానికి లైసెన్సు కావాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. కనీసం ఏడాది కాలంలో 1000 గంటల అనుభవం చూపించాలి. రోజుకి మూడు గంటలు, ఒక్క రోజూ మానకుండా చేసినా దాదాపు పదకొండు నెలలు పడుతుంది. ఆ అనుభవం కూడా తాను పెంచదలచిన పాము కుటుంబానికో, దానికి దగ్గరి జాతులకో చెందినదై ఉండాలి. నాగుపాముల దగ్గర పనిచేసి రక్తపింజరలకి లైసెన్సు అడిగితే చెల్లదు.

మరి లైసెన్సు లేనివాడికి ఆ వెయ్యి గంటలు ఎక్కడినుంచి వస్తాయి? లైసెన్సు ఉన్నవాడు తన గదిలోకి రానిస్తేనే వస్తాయి. అంటే అడిగే పద్ధతి మీదే అంతా ఆధారపడి ఉంది!

ఆ గంటల్లో సాహసాలేమీ ఉండవు. నీళ్ల గిన్నెలు కడగాలి. కింద పరిచిన కాగితాలు మార్చాలి. ఏ పాము ఎప్పుడు తిన్నదీ, ఎప్పుడు కుబుసం విడిచిందీ పుస్తకంలో రాయాలి. ప్రతి బోను మీదా పాము పేరు, అది కరిస్తే ఏం చేయాలో రాసిన కాగితం ఉన్నాయో లేవో చూడాలి. తాళం వేశాక మరోసారి లాగి చూడాలి. పెద్దాయన బోను తలుపు తీసినప్పుడు ఒక్క మాట మాట్లాడకూడదు. ఎంత ముఖ్యమైన సందేహమైనా తలుపు మూసి తాళం పడేదాకా నోట్లోనే ఉండాలి. ‘ఒక్క ఫొటో..’ అంటూ భుజం మీదుగా వంగేవాళ్లకి రెండోసారి పిలుపు రాదు. వారంవారం వచ్చి గిన్నెలు కడిగిపోయే కుర్రాడికి మాత్రం అడక్కుండానే సగం విద్య వచ్చేస్తుంది. అడిగిన సగం పెద్దాయన సంతోషంగా చెబుతాడు.

ఒకే పేరు.. రెండు పాములు

అడిగేటప్పుడు పాముకి శాస్త్రీయ నామం చెప్పమని అనుభవజ్ఞులు పట్టుబడతారు. కొత్తవాళ్లకి అది చాదస్తంలా కనిపిస్తుంది. ‘కాపర్‌హెడ్’నే తీసుకోండి. అమెరికాలో ఆ పేరున్నది రక్తపింజర కుటుంబానికి చెందిన పాము. అది కరిస్తే నరకం కనిపిస్తుంది కానీ ప్రాణం పోవడం అరుదు. ఆస్ట్రేలియాలోనూ ఓ కాపర్‌హెడ్ ఉంది. అది నాగుపాము కుటుంబానిది. విషం తీరు వేరు, మందు వేరు. పేరు మాత్రం ఒక్కటే. మన దగ్గర మాత్రం తక్కువా? ఒక జిల్లాలో ఒక పామునే పిలిచే పేరు, నాలుగు జిల్లాలు దాటేసరికి మరో పాముకి అతుక్కుని ఉంటుంది.

పేరు పొరపాటు ప్రాణం తీసిన సందర్భం ఈ రంగంలో అందరికీ తెలుసు. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కి చెందిన జో స్లోవిన్‌స్కీ నాగుపాముల మీద పరిశోధన చేసినవాడు. వయసు 38. 2001 సెప్టెంబరులో బర్మా ఉత్తర కొసన అడవుల్లో ఉన్నాడు. 11వ తేదీ ఉదయం సహాయకుడు ఓ సంచి అందించాడు. అందులోది కట్లపాములా చారలుండే విషంలేని పాము అని అనుకున్నారు. స్లోవిన్‌స్కీ చెయ్యి లోపల పెట్టాడు. అది నిజంగానే కట్లపాము. పెన్సిలంత లావు కూడా లేని పిల్ల. ఊపిరి ఆగిపోతుంటే సహచరులు గంటలకొద్దీ నోటితో శ్వాస అందించారు. వానల్లో హెలికాప్టర్ రాలేకపోయింది. మర్నాడు ఆయన చనిపోయాడు.

అప్పట్నుంచీ పెద్దవాళ్లు శిష్యులకి చెప్పే మాట ఒకటుంది.. ఎవరేం చెప్పినా సంచిలో ఉన్నది నీ కళ్లతో చూసుకో. తాము చెప్పినదానికీ ఇది వర్తిస్తుందని వాళ్లే చెబుతారు. ఇద్దరు అనుభవజ్ఞులు రెండు రకాలుగా చెప్పారనుకోండి. నచ్చిన మాట పట్టుకుని పోవడం కాదు, ఎందుకలా చెబుతున్నారని ఇద్దర్నీ అడగాలి. ఆ ‘ఎందుకు’ని ఎవరూ తప్పుపట్టరు. ఒకాయన ‘వద్దు’ అన్నాక ‘సరే’ అనే మనిషి దొరికేదాకా ఊరంతా తిరిగేవాళ్లని మాత్రం ఎవరూ క్షమించరు.

అసలు గొప్ప నిపుణుడికే తన కాటు సంగతి తెలియని రోజు వస్తుంది. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో కార్ల్ ష్మిట్ పేరున్న శాస్త్రవేత్త. 1957 సెప్టెంబరు 25న స్థానిక లింకన్ పార్క్ జూవాళ్లు ‘ఇదేం పామో చెప్పండి’ అంటూ ఓ చిన్న పాముని పంపారు. పద్ధతిగానే అడిగారు. అడగవలసినవాడినే అడిగారు. అది ఆఫ్రికాకి చెందిన బూమ్‌స్లాంగ్. చూస్తుండగా బొటనవేలి మీద కరిచింది. పిల్లపాము, దిగింది ఒక్క కోరే.. ప్రమాదం ఉండదనుకున్నాడాయన. వైద్యుడి దగ్గరికి వెళ్లలేదు. తన ఒంట్లో జరిగే మార్పుల్ని వరసగా రాసుకుంటూ కూర్చున్నాడు. మర్నాటికి ఆ రాత ఆగిపోయింది. ‘నాకు తెలియదు’ అని చెప్పే పెద్దమనిషి దొరికితే వదులుకోవద్దని ఆ రంగంలోవాళ్లు అనడం ఊరికే కాదు.

వద్దే వద్దనే ప్రశ్నలు

‘అన్నిటికంటే విషం ఎక్కువ ఉన్న పాము ఏది?’ పిల్లలు అడిగితే నవ్వి చెబుతారు. పెంచుకుంటానని వచ్చినవాడు అడిగితే తలుపు వేస్తారు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో మొదటి స్థానం ఆస్ట్రేలియాలోని ఇన్‌లాండ్ తైపాన్‌ది. అది మనుషులు తిరగని ఎడారిలో ఉంటుంది. కాటేసిన సందర్భాలే బహు తక్కువ. మన చేలలో తిరిగే చిన్నపింజర ఆ పట్టికలో పైవరసలో ఉండదు కానీ ఊళ్లలో మనుషుల్ని చంపుతోంది. ఈ సంగతి అర్థమైనవాడు ఆ ప్రశ్న వేయడు.

‘కొక్కెం లేకుండా ఉత్త చేతులతో పట్టడం ఎలా?’ ఇది మరీ తప్పు. ‘ఆపరేషన్‌తో విషగ్రంథులు తీసేసిన పాము ఎక్కడ దొరుకుతుంది?’ దీనికి జవాబు రాకపోగా తిట్లు తప్పవు. ఆ ఆపరేషన్ పాముకి హింస. పైగా తీసేశాక కూడా విషం వచ్చిన సందర్భాలున్నాయి. మన పాములవాళ్లు కోరలు పీకేయడం తెలిసిందే కదా! పాముకి కోరలు మళ్లీ మొలుస్తాయి. ‘పీకేశాంలే’ అన్న ధీమాతో ఉన్నవాడికే కాటు పడుతుంది.

ఇంకొకటి.. ‘కొద్దికొద్దిగా విషం ఎక్కించుకుంటే కాటు పనిచేయదట కదా?’ ఈ ప్రశ్నకి మూలం బిల్ హాస్ట్. 1947లో ఫ్లోరిడాలో మయామీ సర్పెంటేరియం తెరిచి, జనం చూస్తుండగా పాముల నుంచి విషం తీసిన మనిషి. 1948 నుంచి స్వయంగా విషం ఎక్కించుకున్నాడు. 170కి పైగా కాట్లు తిన్నాడు. అయినా వందేళ్లు బతికి 2011లో కన్నుమూశాడు. అందరికీ ఆ వందేళ్లే గుర్తుంటాయి. కాట్లకి వంకర్లు పోయి, పాడైపోయిన ఆయన వేళ్ల గురించి ఎవరూ అడగరు. ఒకరకం విషానికి అలవాటుపడిన ఒళ్లు మరోరకానికి తట్టుకోదు. కండ కుళ్లిపోవడాన్ని అసలే ఆపలేదు.

మయామీ నుంచి మద్రాసుకి

ఆ హాస్ట్ దగ్గరే 1960ల్లో పనిచేసిన ఓ యువకుడు తర్వాత మన దేశానికి తిరిగొచ్చాడు. పేరు రోములస్ విటేకర్. అమెరికాలో పుట్టినా చిన్నప్పుడే భారతదేశం వచ్చి ఇక్కడే పెరిగినవాడు. పాములంటే ప్రాణం. అంతటి సర్పెంటేరియంలో పనిచేసి వచ్చినవాడు, మద్రాసు చుట్టుపక్కల ఎవరి దగ్గర శిష్యరికం చేశాడో తెలుసా? ఇరుళర్ల దగ్గర. పొలాల్లో ఎలుకల్ని పట్టడంలో మన యానాదుల్లాగే చేయి తిరిగిన గిరిజనులు. మట్టి మీద పడిన జాడ చూసి పాము ఎటు పోయిందో చెప్పగలరు. వాళ్లని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే పెద్దగా ఏమీ రాలదు. పొద్దున్నే గునపం పట్టుకుని బయల్దేరితే వెంట నడవాలి. వాళ్లు ఆగినచోట ఆగాలి. వంగి చూస్తే వంగి చూడాలి. విటేకర్ చేసింది అదే.

ఇరుళర్లకి అంతకుముందు పాము తోళ్లే బతుకుదెరువు. 1972లో వన్యప్రాణి చట్టం, ఆ తర్వాత తోళ్ల ఎగుమతి మీద నిషేధం వచ్చేసరికి పొయ్యి మీద పిల్లి లేవలేదు. 1978లో విటేకర్ తోడ్పాటుతో ఇరుళర్లు తమ సహకార సంఘం పెట్టుకున్నారు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇప్పటికీ నడుస్తోంది. పట్టిన పాముని మట్టి కుండలో కొన్ని వారాలు ఉంచుతారు. వారానికోసారి విషం తీస్తారు. పొట్ట కింది పొలుసు మీద చిన్న గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. గుర్తున్న పాము మళ్లీ దొరికితే ముట్టుకోరు. మన ఆసుపత్రుల్లో పాముకాటుకి ఇచ్చే మందు తయారీకి విషం ఎక్కువగా వెళ్లేది అక్కడినుంచే.

కథ అక్కడితో ఆగలేదు. ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో పెంపుడు బోనుల్లోంచి బయటపడ్డ బర్మా కొండచిలువలు లెక్కకు మించి పెరిగిపోయాయి. అక్కడి వేటగాళ్లు, యంత్రాలు, పోటీలు.. ఏవీ పూర్తిగా ఫలించలేదు. చివరికి 2017లో ఆ రాష్ట్ర వన్యప్రాణి విభాగం, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం కలిసి మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళర్లని పిలిపించుకున్నాయి. ఆ పిలుపులో ఓ మర్యాద ఉంది. ఇంగ్లిషు రాని ఆ ఇద్దరికి తోడుగా దుబాసీల్ని పెట్టారు. ఎక్కడ వెతకాలో వాళ్లనే చెప్పమన్నారు. చదువుకున్న శాస్త్రవేత్తలు వెనక నడిచారు. రెండు వారాలు తిరక్కుండానే 13 కొండచిలువలు దొరికాయి. అందులో ఒకటి పదహారడుగుల ఆడది.. పాతబడ్డ క్షిపణి స్థావరం శిథిలాల్లో దాక్కుని ఉంది. అవి విషపాములు కావు, నిజమే. కానీ వెయ్యి గంటల నిబంధన రాసిన రాష్ట్రం తానే విద్యార్థిగా మారిన వైనం ఇది. ఆ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది.

మన గుమ్మంలో పాము వస్తే..

మన దేశంలో విషపాముని ఇంట్లో పెంచడం నేరం. కాబట్టి ‘ఏది పెంచమంటారు’ అన్న ప్రశ్నకి ఇక్కడ చోటే లేదు. కానీ పాములు తెలిసినవాళ్లని అడగవలసిన అవసరం మనకే ఎక్కువ. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాట్లకి 12 లక్షలమంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

ఇంట్లోకి పాము దూరితే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ కార్యకర్తలు వస్తారు. ఇతర ఊళ్లలో అటవీశాఖవాళ్లని అడిగితే పట్టేవాళ్ల సంగతి చెబుతారు. ఫోన్‌లో ‘పేద్ద నాగుపామండీ’ అని అరిచేకంటే చూసింది చూసినట్టు చెప్పడం మేలు. పొడవెంత, రంగేంటి, ఒంటి మీద చారలా మచ్చలా, ఏ గదిలో ఏ మూల ఉంది? పేరు చెప్పాల్సింది వాళ్లు, మనం కాదు. వాళ్లొచ్చేదాకా దూరం నుంచి ఒకరు దాని మీద కన్నేసి ఉంచాలి. చీపురుకట్టతో పొడిచి, కిరసనాయిలు పోసి, అది బీరువా వెనక్కి దూరాక ఫోన్ చేస్తే వచ్చినవాడి ప్రాణానికే ముప్పు.

ఇక వచ్చాక.. వీధివీధంతా చుట్టూ మూగుతుంది. ‘అన్నా, ఒక్కసారి పడగ విప్పించన్నా’ అంటారు. ‘మెడలో వేసుకో, ఫొటో తీస్తాం’ అంటారు. పాములు పట్టేవాళ్లకి కాట్లు పడేది చాలాసార్లు పాముని పట్టేటప్పుడు కాదు.. పట్టాక, జనం ముందు. కాబట్టి అడక్కపోవడమే అసలు మర్యాద. పని అయ్యాక కనీసం పెట్రోలు ఖర్చయినా ఇవ్వడం ధర్మం.

ఎవరికైనా కాటు పడిందా? అప్పుడు పాములవాడికి ఫోన్ చేసి ‘ఏ పామంటారు?’ అని అడుగుతూ కూర్చోకూడదు. అనుభవమున్న ఏ పాములవాడైనా ఆ మాట పూర్తికాకుండానే ఆసుపత్రికి వెళ్లమంటాడు. కట్టు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, పాముని చంపి పట్టుకెళ్లాలని వెతకొద్దు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర.. నాలుగింటికీ కలిపి తయారుచేసిందే.

అన్నీ సద్దుమణిగి, పాము సంచిలోకి చేరాక ఇంటావిడ ఓ ప్రశ్న అడుగుతుంది. ‘మళ్లీ వస్తుందా బాబూ?’ వచ్చిన కుర్రాడు జవాబు చెప్పడానికి ముందు పెరట్లోకి ఓ చూపు చూస్తాడు. ‘ఇది రాదమ్మా. ఆ ఇటుకల కుప్ప తీయించకపోతే ఇంకోటి వస్తుంది. దాని కింద ఎలుకలున్నాయి.’